ఫిల్టర్ డ్రైవర్ల క్రమము

ఒక పరికరమును నడుపు బాధ్యతను ఆపరేటింగ్ సిస్టము ఒక్క డ్రైవరున కప్పగింపక, ఒకదానిపై నొకటిగా నిలిచిన పెక్కు డ్రైవర్లకు పంచి యిచ్చినపుడు ఆ సముదాయమునకు పరికరపు దొంతర యని పేరు. ఆ దొంతరలో పరికరపు ముఖ్యవ్యాపారమును నిర్వహించు ప్రధాన డ్రైవరునకు పైనగాని క్రిందగాని చేరి, తన మీదుగా పోవు అభ్యర్థనలను పరిశీలించుచు, మార్చుచు, అవసరమైనపుడు నిలిపివేయుచు నుండు సహాయక డ్రైవరును ఫిల్టర్ డ్రైవరందురు. ఫైలు తెరచునపుడు వైరసును పట్టుకొనునది, డిస్కుపై వ్రాత నంతటిని గూఢలిపిగా మార్చునది, కీబోర్డులో ఒక మీటకు బదులు వేరొక మీట పలుకునట్లు చేయునది, కార్యాలయపు కంప్యూటరులో పరాయి పెన్‌డ్రైవును పనిచేయనీయనిది, ఇవి యన్నియు చాలవరకు ఫిల్టర్ డ్రైవర్లే. ఇట్టివి రెండు మూడు ఒకే దొంతరలో చేరినపుడు ఏది పైన నుండవలెను, ఏది క్రింద నుండవలెను, ఆ నిర్ణయ మెవరిది అను ప్రశ్నలు పుట్టును. ఫిల్టరు ఏమి చేయగలదన్నది దాని కోడుచేత నెంత నిర్ణీతమగునో, అది నిలిచిన స్థానముచేతను అంతయే నిర్ణీతమగును. కావుననే క్రమనిర్ణయము ఈ శాస్త్రమునకు జీవనాడి వంటిది.

కృష్ణపట్నము రేవు కార్యాలయములలో నేమి, ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు మొదలగు నెల్లూరు తీరగ్రామముల దుకాణములలోను ఇండ్లలోను నేమి, విండోసుతో నడచు ప్రతి కంప్యూటరునందును ఇట్టి దొంతరలు యంత్రమును పునఃప్రారంభించినపు డెల్ల క్రొత్తగా నిర్మితమగుచునే యున్నవి. అందుచేత ఈ వ్యాసమున విండోసు విధానమును ప్రధానముగ గ్రహించి, తక్కిన వ్యవస్థలను పోలికకై సంగ్రహముగా పేర్కొనుచున్నాము.

పూర్వచరిత్ర

ఆపరేటింగ్ సిస్టమును అంతస్తులుగా కట్టవలెనను భావము ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968లో వర్ణించిన టి.హెచ్.ఇ. వ్యవస్థయందు స్పష్టరూపము దాల్చినది. అయితే అంతస్తుల నడుమ క్రొత్త అంతస్తును వ్యవస్థ నడచుచుండగనే చేర్చుటకును తీసివేయుటకును వీలు కల్పించిన తొలి ప్రసిద్ధ విధానము యునిక్సులోని స్ట్రీమ్స్. డెన్నిస్ రిచీ 1984లో దీనిని వివరించుచు, ఒక కొసను వినియోగదారుని ప్రోగ్రాము, వేరొక కొసను పరికరపు డ్రైవరు నుండగా, నడుమ మాడ్యూళ్లను ఒకదానివెంట నొకటి నెట్టవచ్చునని చూపెను. అక్కడ క్రమనిర్ణయము మిక్కిలి సరళము: కడపట నెట్టబడినది అందరికంటె పైన నుండును, తీసివేయునపుడు అదియే మొదట వెలికి వచ్చును. నెట్టువాని యిచ్ఛయే శాసనము.

డేవ్ కట్లర్ నాయకత్వమున నిర్మితమై 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. ఈ భావమును మరింత దృఢపరచెను. 1998లో విండోస్ 98తోను, 2000లో విండోస్ 2000తోను వచ్చిన విండోస్ డ్రైవర్ మోడల్, పరికరము తగిలించినంతనే దానిని గుర్తించి, తగిన డ్రైవర్లను వెదకి, దొంతర నిర్మించు ప్లగ్ అండ్ ప్లే పద్ధతితో ఆ భావమును మేళవించెను. నేటి విండోసులోను మూలసూత్రములు నాటివే.

దొంతర నిర్మాణము

దొంతర అడుగున బస్సు డ్రైవరు సృష్టించిన భౌతిక పరికరవస్తువు ఉండును. యు.ఎస్.బి. వంటి మార్గముపై పరికర మొకటి ప్రత్యక్షమైనదని చాటుట దాని పని. దానిపై ప్రధాన డ్రైవరు తన క్రియావస్తువును నిలుపును. ఈ రెంటి నడుమ చేరునవి దిగువ ఫిల్టర్లు. ప్రధాన డ్రైవరుపై చేరునవి ఎగువ ఫిల్టర్లు. క్రొత్తగా వచ్చు ప్రతివస్తువును అప్పటికి దొంతరలో నందరికంటె పైనున్నదానికే తగిలించుకొనును గాని, నడుమ దూరుటకు వీలు లేదు. అభ్యర్థనను మోయు పొట్లమునందు దొంతరలోని ప్రతి డ్రైవరునకు ఒక్కొక గడి చొప్పున, పొట్లము పుట్టునపుడే లెక్కించి స్థలము కేటాయింపబడుటయే ఈ నియమమునకు ఒక ముఖ్యకారణము. నడుమ నొక డ్రైవరు అకస్మాత్తుగా చేరినచో మార్గమధ్యమున నున్న పొట్లములలో దానికి గడి యుండదు.

పెదగంజాము మొదలుకొని నెల్లూరు తీరము వెంబడి మద్రాసు దాటి పోవు బకింగ్‌హామ్ కాలువలో సరుకుపడవలు సాగిన దినములలో, పడవ పోవునపుడు ఏ లాకులను ఏ వరుసను దాటెనో, మరలి వచ్చునపుడు ఆ లాకులనే వ్యతిరేకక్రమమున దాటవలసి యుండెను. మొదటి లాకుకడ నిలిచిపోయిన పడవ తరువాతి లాకును చేరనే చేరదు. అభ్యర్థన ప్రయాణమును అట్టిదే. ప్రోగ్రామునుండి వచ్చిన అభ్యర్థన పైనున్న ఫిల్టరును మొదట చేరి, అచటనుండి క్రమముగ దిగుచు పరికరమును ముట్టును. ఫలితము అడుగుననున్న డ్రైవరును మొదట, అందరికంటె పైనున్నదానిని చివర చేరును. కావున పైనున్న ఫిల్టరు అభ్యర్థనను అందరికంటె ముందు చూచును, జవాబును అందరికంటె వెనుక చూచును. అది నిరాకరించిన అభ్యర్థన క్రిందివానికి ఎన్నడును కనబడదు.

ఈ ద్వివిధక్రమము పరికరపు జననమరణములకును వర్తించును. పరికరమును ప్రారంభింపుమను ఆజ్ఞ వచ్చినపుడు ఎగువ డ్రైవర్లు దానిని క్రిందికి పంపి, క్రిందివారు సిద్ధమైన పిదపనే తమ పని నారంభింపవలెను. తొలగింపుమను ఆజ్ఞ వచ్చినపుడు పైవారు ముందుగ తమ పనులను ముగించుకొని పిదప క్రిందికి పంపవలెను. విద్యుచ్ఛక్తి నిచ్చునపుడు అడుగునుండి పైకి, ఉపసంహరించునపుడు పైనుండి అడుగునకు అను నియమమును ఇట్టిదే. పునాది లేనిదే పైయంతస్తు నిలువదు గనుక ఈ విధి యేర్పడినది.

క్రమనిర్ణయ విధానము

పరికరము ప్రత్యక్షమైనంతనే ప్లగ్ అండ్ ప్లే నిర్వాహకుడు విండోసు అమరికల భాండారమైన రిజిస్ట్రీని చదివి, ఆ పరికరమునకు సంబంధించిన డ్రైవర్లను ఒక నిశ్చితమైన వరుసలో పిలుచును. మొదట ఆ పరికరమునకే ప్రత్యేకమైన దిగువ ఫిల్టర్లు. పిదప కీబోర్డులు, డిస్కులు మొదలగు తరగతులలో ఆ పరికరము చేరిన తరగతికంతటికిని సామాన్యమైన దిగువ ఫిల్టర్లు. పిదప ప్రధాన డ్రైవరు. ఆ పిమ్మట పరికరమునకు ప్రత్యేకమైన ఎగువ ఫిల్టర్లు. కట్టకడపట తరగతికి సామాన్యమైన ఎగువ ఫిల్టర్లు. పిలువబడిన ప్రతి డ్రైవరును అప్పటి దొంతర శిఖరమునకే తగులుకొనును గనుక, పిలిచిన వరుసయే అడుగునుండి శిఖరము వరకు నిలుచు వరుస యగుచున్నది.

ఈ పేర్లు రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అను రెండు విలువలయందు జాబితాలుగ నుండును. తరగతి ఫిల్టర్లు ఆ తరగతి తాళపుచెవి (రిజిస్ట్రీ కీ) క్రిందను, ప్రత్యేక ఫిల్టర్లు ఆయా పరికరపు తాళపుచెవి క్రిందను వ్రాయబడును. ఒకే జాబితాలో మొదట వ్రాయబడిన పేరు మొదట పిలువబడి, తక్కినవానికంటె దిగువ నిలుచును. ఇట్లు అయిదు శ్రేణుల నడుమ క్రమము వ్యవస్థచేత శాసింపబడియున్నను, ఒక్కొక శ్రేణిలోపలి క్రమము మాత్రము జాబితాలో నెవరు ముందు వ్రాసిరి అను దానిపైననే చిరకాలము ఆధారపడియుండెను.

డిస్కు విభాగముల తరగతి దీనికి చక్కని నిదర్శనము. బిట్‌లాకర్ గూఢలిపిని నిర్వహించు ఎఫ్.వి.ఇ.వాల్ ఆ తరగతికి దిగువ ఫిల్టరు. ఫైళ్ల పూర్వస్థితులను భద్రపరచు వాల్‌స్నాప్ ఎగువ ఫిల్టరు. వాల్‌స్నాప్ వ్రాయు పూర్వస్థితి ప్రతులును క్రిందికి దిగునపుడు ఎఫ్.వి.ఇ.వాల్ మీదుగనే పోవలసియున్నందున అవియు గూఢలిపిలోనే డిస్కును చేరును. ఈ వరుస తలక్రిందులైనచో మూలము భద్రముగ నుండి, దాని నకలు మాత్రము బట్టబయలగును.

ఒక మీట ప్రయాణము

క్రమము యొక్క ఫలితమును సమీపమునుండి చూడగోరువారికి కీబోర్డు దొంతర కంటె తగిన తావు లేదు. నెల్లూరులో నొకరు ఇన్‌స్క్రిప్టు అమరికలో ‘క’ వ్రాయుటకు, ఆంగ్లపు ‘కె’ అచ్చుపడిన మీటను నొక్కిరనుకొందము. పాతరకపు గుండ్రని పిన్ను కీబోర్డైనచో ఐ8042పి.ఆర్.టి. అను ప్రధాన డ్రైవరు, ఆ మీటకు నిర్ణీతమైన 37 అను సంఖ్యను కంట్రోలరునుండి గ్రహించును. మీటను వదలినపుడు అదే సంఖ్య, వదలబడినదను గుర్తుతో, మరల వచ్చును. ఈ డ్రైవరుపై కె.బి.డి.క్లాస్ అను తరగతి ఎగువ ఫిల్టరు నిలిచియున్నది. యు.ఎస్.బి. కీబోర్డైనచో అడుగున కె.బి.డి.హిడ్ అను వేరు డ్రైవరుండును గాని, పైన కె.బి.డి.క్లాస్ మాత్రము మారదు.

మీటల సంఖ్యలు క్రిందినుండి పైకి పోవు మార్గము కొంత విలక్షణమైనది. దొంతర నిర్మితమగుచుండగా కె.బి.డి.క్లాస్ తన స్వీకారరొటీను చిరునామాను ఒక అంతరంగిక అభ్యర్థనలో నుంచి క్రిందికి పంపును. ప్రధాన డ్రైవరు దానిని గుర్తుంచుకొని, మీట నొక్కినపు డెల్ల ఆ రొటీనునే నేరుగ పిలుచును. నడుమ నొక ఫిల్టరున్నచో అది ఆ అభ్యర్థన దిగిపోవుచుండగా పట్టుకొని, పైవాని చిరునామాను తనకడ దాచుకొని, దానికి బదులు తన చిరునామాను వ్రాసి క్రిందికి పంపును. అప్పటినుండి ప్రతి సంఖ్యయు మొదట ఆ ఫిల్టరునకే చేరును. అది మార్చవచ్చును, మ్రింగవచ్చును, పైకి పంపవచ్చును. డ్రైవరు రచయితల కొరకు మైక్రోసాఫ్టు వెలువరించిన కె.బి.ఫిల్టర్ అను నమూనా చేయు పని యిదియే. అది పరికరమునకు ప్రత్యేకమైన ఎగువ ఫిల్టరుగ నమోదగుటచేత, తరగతి ఫిల్టరైన కె.బి.డి.క్లాస్ కంటె దిగువ, ప్రధాన డ్రైవరు కంటె ఎగువ, తనకు కావలసిన తావుననే నిలుచుచున్నది. అదే ఫిల్టరు తరగతి జాబితాలో కె.బి.డి.క్లాస్ పేరు తరువాత చేరినచో, చిరునామాను మోసిన అభ్యర్థన తన క్రిందనే పుట్టి క్రిందికే పోవును గనుక, దానికి చిక్కనే చిక్కదు. కోడులో ఒక్క యక్షరమైనను మారలేదు; తావు మారినంతనే సామర్థ్యము నశించినది.

ఈ దొంతరలో నెక్కడను ‘క’ యను అక్షరము లేదన్న సంగతియు గమనింపదగినది. 37 అను సంఖ్యను తెలుగక్షరముగ మార్చునది పైనున్న విండో ఉపవ్యవస్థ. దానికి ఆధారము 2001లో విండోస్ ఎక్స్.పి.తో తెలుగునకు లభించిన కె.బి.డి.ఇన్‌టెల్ వంటి అమరికఫైలు. కావున తెలుగు గుణింతములను, ఒత్తులను తీర్చు పనిముట్టు దొంతరకు పైన నుండవలసినదే గాని, లోపల నుండి ప్రయోజనము లేదు. మీటలను సంఖ్యలస్థాయిలో మార్చదలచినవాడు లోపల నుండవలెను. పని స్వభావమే స్థానమును కోరుచున్నది.

ఫైల్ వ్యవస్థలో ఎత్తులు

ఫైల్ వ్యవస్థపై చేరు ఫిల్టర్ల విషయమున పోటీ మరింత తీవ్రము. వైరసు నిరోధకములు, బ్యాకప్పులు, గూఢలిపులు, నకళ్లు, కోటాలు, అన్నియు అక్కడనే స్థలము కోరును. పూర్వము ఇవి ప్రారంభక్రమపు గుంపులను బట్టియు, ఎవరు ఎప్పుడు మెమరీలోనికి వచ్చిరి అను దానిని బట్టియు ఒకదానిపై నొకటి తగులుకొనుచుండెను. ఆలస్యముగ వచ్చినది పైకి చేరును; మరునాడు యంత్రమును వెలిగించునపుడు వేరొకటి ఆలస్యమైనచో వరుస మారును. నిన్న పనిచేసినది నేడు పనిచేయకపోవుటకు హేతువేమో తెలియక ఇంజనీర్లు పడిన శ్రమ అధికము.

విండోస్ ఎక్స్.పి. రెండవ సర్వీసు ప్యాకుతోను, తదితర సమకాలీన సంచికలతోను వచ్చిన ఫిల్టర్ మేనేజరు ఈ అరాజకమునకు స్వస్తి పలికెను. దీనిక్రింద పనిచేయు మినీఫిల్టర్లు తమంతట తాము దేనికిని తగులుకొనవు. ప్రతిదానికిని మైక్రోసాఫ్టు కేటాయించిన ‘ఎత్తు’ అను సంఖ్య యుండును. ఎక్కువ ఎత్తు గలది, ఎప్పుడు వచ్చినను, పైననే నిలుచును. ఒక్కొక ప్రయోజనమునకు ఒక్కొక శ్రేణి నిర్ణీతమైనది: కార్యకలాపములను గమనించువానికి 360000 మొదలుకొని 389999 వరకు, వైరసు నిరోధకములకు 320000తో మొదలగు శ్రేణి, నకలు తీయువానికి 300000 శ్రేణి, సంపీడనమునకు 160000 శ్రేణి, గూఢలిపికి 140000 శ్రేణి. విండోసుతో వచ్చు డిఫెండరు ఫిల్టరు ఎత్తు 328010. నిర్వాహకుడు ఆజ్ఞల కిటికీలో ఎఫ్.ఎల్.టి.ఎమ్.సి. అని వ్రాసినచో తన యంత్రములోని ఫిల్టర్లును వాని ఎత్తులును వరుసగ కనబడును. ఎత్తులు దశాంశములుగ నుండవచ్చును గనుక రెండు సంఖ్యల నడుమ మరియొకదానికి ఎప్పుడును చోటుండును.

ఈ శ్రేణులలో నిగూఢమైన వివేకము కలదు. వైరసు నిరోధకము గూఢలిపికి పైన నుండుటచేత, వ్రాయునపుడు గూఢలిపిగా మారకమునుపే, చదువునపుడు గూఢలిపి విప్పబడిన పిమ్మటనే, ఫైలు దానికి కనబడును. వరుస మారినచో అది అర్థరహితమైన బైట్లను పరీక్షించి, రోగమును గుర్తింపలేక, అంతయు క్షేమమని ప్రకటించును. సంపీడనము గూఢలిపికి పైన నుండుటకును కారణము స్పష్టమే: గూఢలిపిలో పునరుక్తులు కనబడవు గనుక దానిని కుదించుట యసాధ్యము; కుదించి పిదప దాచుటయే యుక్తము. గమనించువాడు ఇచట పేర్కొన్నవారిలో అందరికంటె పైన నుండుటచేత, క్రిందివారు మార్చకమునుపే ప్రోగ్రాము కోరిన కోర్కెను ఉన్నదున్నట్లు చూడగలడు.

క్రమము చెడినపుడు

తరగతి జాబితాలో ఒక పేరుండి, ఆ పేరుగల డ్రైవరు ఫైలు లేకపోయినచో ఆ పరికరమే పనిచేయదు. సీడీలపై వ్రాయు సాఫ్ట్‌వేరులు విరివిగ వాడిన కాలమున ఈ యిబ్బంది బహుళముగ నుండెను. తీసివేయబడిన సాఫ్ట్‌వేరు తన పేరును జాబితాలో వదలిపోయెడిది; డివైస్ మేనేజరులో సీడీ డ్రైవు ప్రక్క పసుపుపచ్చని గుర్తును, 39వ నంబరు దోషమును కనబడెడివి. సీడీ తరగతి జాబితాలను రెంటిని చెరపివేయుట దానికి ప్రసిద్ధమైన చికిత్స యయ్యెను. కాని ఆ చికిత్సనే తక్కిన తరగతులకు ప్రయోగించుట ప్రమాదకరము. కీబోర్డు తరగతి జాబితాను చెరిపినచో కె.బి.డి.క్లాస్ పోవును, మీట లేవియు పలుకవు. డిస్కు తరగతిలో పార్ట్‌మ్‌జి.ఆర్. పేరు పోయినచో యంత్రము వెలుగుటయే మానును. జాబితాలో నున్న పేర్లలో ఏది అతిథి, ఏది గృహస్థుడు అని ఎరిగిన పిమ్మటనే చేయివేయవలెను. పరిశోధకులు డీబగ్గరులో డెవ్‌స్టాక్ అను ఆజ్ఞతో దొంతరను శిఖరమునుండి అడుగు వరకు చూచుట యిందుకే.

ఫిల్టర్లకు గల శక్తి యెంతటిదో 2024 జూలై 19న లోకమంతకును తెలిసినది. ఆనాడు క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేరుకు వచ్చిన దోషయుక్తమైన సమాచారఫైలును చదివి, యంత్రము వెలుగుటతోనే లేచు దాని ఫిల్టర్ డ్రైవరు కూలగా, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము సుమారు 85 లక్షల విండోసు యంత్రములు నిలిచిపోయెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. అది క్రమదోషము కాదు; మెమరీ హద్దు దాటి చదివిన దోషము. అయినను దొంతరలో నిలిచిన ఒక్క ఫిల్టరు కూలినచో వ్యవస్థ మొత్తము కూలునన్న సత్యమునకు అదియొక చారిత్రక నిదర్శనము.

2019 నాటి సంస్కరణము

తరగతి జాబితాలలోని అవ్యవస్థకు 2019లో వచ్చిన విండోస్ 10, 1903వ సంచిక ఒక పరిష్కారము చూపెను. అంతవరకు ప్రతి సంస్థాపకప్రోగ్రామును రిజిస్ట్రీ జాబితాను తానే దిద్దుచు, కొన్ని చివర చేర్చుచు, కొన్ని మొదట చొప్పించుచు, మరికొన్ని ఇతరుల పేర్లను తుడిచి తమ పేరునే వ్రాయుచు నుండెను. క్రొత్త విధానమున డ్రైవరు తన ఐ.ఎన్.ఎఫ్. ఫైలులో యాడ్‌ఫిల్టర్ అను నిర్దేశముతో, తాను ఫిల్టరునని, ఎగువనో దిగువనో నిలువగోరుదునని ప్రకటించును. తరగతి యజమాని ఆ తరగతికి ఎగువ మెట్లను, దిగువ మెట్లను ముందుగ నిర్ణయించి యుంచును. ఫిల్టరు వానిలో ఒక మెట్టును పేర్కొనును. మెట్ల నడుమ వరుస ఖచ్చితము. ఒకే మెట్టుపై నిలిచినవాని నడుమ మాత్రము వరుస యేదియు హామీ లేదు. పాతపద్ధతిలో వ్రాయబడిన పేర్లు నిర్ణీతమైన ఒక సామాన్యపు మెట్టున చేరును. ముందు వచ్చినవానిదే తావను న్యాయము పోయి, పనిని బట్టి తావు అను న్యాయము ఇట్లు పరికరపు దొంతరలకును విస్తరించినది.

ఇతర వ్యవస్థలలో

లినక్సునందు సమస్త పరికరములకు వర్తించు ఫిల్టర్ దొంతర లేదు. ఆయా ఉపవ్యవస్థలు తమ తమ పద్ధతుల నేర్పరచుకొన్నవి. డిస్కుల విషయమున డివైస్ మ్యాపరు ఒక పొరపై నొకపొరను నిలుపును. గూఢలిపిపై విభాగము లుండవలెనో, విభాగములపై గూఢలిపి యుండవలెనో నిర్వాహకుడే నిర్ణయించును. నెట్‌వర్కు పొట్లములను వడగట్టు నెట్‌ఫిల్టరునందు ప్రతి కొక్కెమునకును ప్రాధాన్యసంఖ్య కలదు: సంబంధములను గుర్తించునది -200, గమ్యపు చిరునామాను మార్చునది -100, వడగట్టునది 0, మూలపు చిరునామాను మార్చునది 100. తక్కువ సంఖ్య గలది ముందు పనిచేయును. విండోసులోని ఎత్తులకు ఇది విలోమరూపమైనను ఆలోచన యొక్కటియే. మ్యాక్ వ్యవస్థ 2019లో డ్రైవర్‌కిట్టును ప్రవేశపెట్టి, అన్యుల డ్రైవర్లను క్రమక్రమముగ కెర్నెలు వెలుపలికి తరలించు మార్గమును త్రొక్కినది.

క్రమధర్మములు

ఈ చరిత్ర నంతటిని పరిశీలించినచో మూడు పద్ధతులు వరుసగ కనబడుచున్నవి: చేర్చువాని యిచ్ఛచేత క్రమము, చేరిన కాలమును బట్టి క్రమము, ప్రకటితమైన ప్రయోజనమును బట్టి క్రమము. మూడవది ఉత్తమమైనను అది ఫిల్టరు రచయితపై గురుతరమైన బాధ్యత నుంచుచున్నది. తన ఫిల్టరు పైనను క్రిందను పరాయివా రుందురని ఎరిగి, తనకు సంబంధింపని ప్రతి అభ్యర్థనను చెక్కుచెదరక పంపవలెను. తన పనికి ఏ తావు అవసరమో దానినే కోరవలెను గాని, అందరికంటె పైతావును ఆశింపరాదు. ఒకే మెట్టుపైనున్నవారిలో తాను ముందుందునని గాని, వెనుకనుందునని గాని నమ్మి కోడు వ్రాయరాదు. తొలగిపోవునపుడు జాబితాలోని తన పేరును తానే తీసికొనిపోవలెను, ఇతరుల పేర్లను తాకరాదు. ఈ ధర్మములు పాటింపబడినంతవరకు ఒకరినొకరు ఎరుగని సంస్థలు వ్రాసిన డ్రైవర్లు ఒకే పరికరముపై ఏండ్ల తరబడి సహజీవనము చేయగలుగుచున్నవి.